తైనోల గుహ: చెరిపేసినా చెరగని లాగ్ ఫైలు

అమెరికాలో ఉన్న మనవాళ్ళందరికీ ఏదో ఒక ఫారమ్ నింపుతున్నప్పుడు ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. జాతి అనే గడి దగ్గర ఒక పక్క 'అమెరికన్ ఇండియన్', ఇంకో పక్క 'ఏషియన్ ఇండియన్'. పార్టీల్లో కూడా "చుక్క ఇండియనా? ఈక ఇండియనా?" అనే పాచిపోయిన జోకు ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. ఈ గందరగోళానికంతటికీ మూలపురుషుడు కొలంబస్ అని అందరికీ తెలిసిందే. ఇండియాకి బయల్దేరి, దారిలో తగిలిన దీవుల్లోని జనానికి ఇండియన్లని పేరు పెట్టేసాడు. వేరియబుల్ పేరు తప్పు పెట్టిన ప్రోగ్రామరు వెళ్ళిపోయాడు, ఐదు వందల ఏళ్ళకి పైగా అదే పేరు ప్రొడక్షన్‌లో నడుస్తోంది!

అయితే ఆ మొట్టమొదటి 'ఇండియన్లు' ఎవరు? అని అడిగితే మనలో చాలామందికి జవాబు రాదు. సినిమాల్లో గుర్రాలెక్కి ఈకలు పెట్టుకుని వచ్చేవాళ్ళు కాదు వీళ్ళు. గుర్రమంటే ఏమిటో కూడా వీళ్ళకి తెలీదు. వీళ్ళ పేరు తైనోలు. నేటి క్యూబా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టో రికో, జమైకా, బహామాస్... ఈ దీవులన్నీ వాళ్ళవి, వాళ్ళకి దగ్గరి చుట్టాలవి.

వాళ్ళ గురించి తెలీదు కానీ వాళ్ళ మాటలు మాత్రం మనం రోజూ వాడుతున్నాం. హరికేన్, హామక్, కానో, బార్బెక్యూ, టొబాకో, మెయిజ్, గువావా... ఇవన్నీ స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన తైనో మాటలే. 1492 నవంబరులో క్యూబాలో కొలంబస్ మనుషులు ఇద్దరు ఊళ్ళోకి వెళ్ళి, అక్కడ ఆడా మగా ఆకుల్ని చుట్టి నిప్పు పెట్టి పొగ పీల్చడం చూసి నోరు వెళ్ళబెట్టారు. ఆ పొగాకే తర్వాత గుంటూరు, ఒంగోలు రైతుల బతుకుల్ని మార్చింది. మన తాతలు కాల్చిన చుట్టకి మొదటి ముత్తాత అక్కడున్నాడన్నమాట. మిరపకాయని వాళ్ళు 'అహీ' అనేవాళ్ళు. అమెరికా ఖండాల నుంచి ఆ మిరపకాయ రాకపోయుంటే మన ఆవకాయ సంగతేంటో ఆలోచించండి!

మాటలు మిగిలాయి, మిరపకాయ మిగిలింది. మనుషులేమయ్యారు? మొన్నమొన్నటి దాకా చరిత్ర పుస్తకాల్లో ఒకటే వాక్యం ఉండేది: యాభై ఏళ్ళలో తైనోలు అంతరించిపోయారు. చాప్టర్ క్లోజ్. ఆ క్లోజ్ చేసిన టికెట్‌ని మళ్ళీ ఓపెన్ చేసినవాటిల్లో కొన్ని చిన్న చిన్న గుహలున్నాయి. వాటి గురించే ఇదంతా.

గుహే ఎందుకు?

ముందు వీళ్ళెవరో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సుమారు 2,500 ఏళ్ళ కిందట దక్షిణ అమెరికా ఉత్తర తీరం నుంచి, ఒరినోకో నది ప్రాంతం వైపు నుంచి, కుండలు చేయడం, వ్యవసాయం తెలిసిన జనం పడవల్లో ఒక్కో దీవీ దాటుకుంటూ పైకి వచ్చారు. అప్పటికే ఆ దీవుల్లో అంతకంటే పాత జనం ఉన్నారు. వేల ఏళ్ళలో అక్కడ రూపుదిద్దుకున్న సంస్కృతే తైనో సంస్కృతి. ముఖ్యమైన పంట కర్ర పెండలం. మనం సగ్గుబియ్యం తీసేది దీన్నుంచే. దాని చేదు రకంలో విషముంటుంది. దుంపని తురిమి, పిండి, రసం తీసేసి, మిగిలిన పిప్పిని పెనం మీద రొట్టెలా కాలుస్తారు. ఆ రొట్టె నెలల తరబడి పాడవదు. ఊరి పెద్దని 'కాసికే' అనేవారు, ఆడవాళ్ళు కూడా కాసికేలుగా ఉండేవారు. ఊరి మధ్య 'బాతే' అనే మైదానంలో రబ్బరు బంతితో ఆటాడేవారు. దేవతలనీ పూర్వీకులనీ కలిపిన శక్తులకి రాతితో, చెక్కతో, పత్తితో బొమ్మలు చేసుకునేవారు. వాటి పేరు 'సెమీ'లు.

వీళ్ళకి రాత లేదు. వీళ్ళ నమ్మకాల గురించి వీళ్ళ మధ్య ఉండి రాసిన మొదటి ఐరోపా మనిషి రామోన్ పానే అనే కాటలాన్ సన్యాసి. కొలంబస్ రెండో ప్రయాణంలో (1493) హిస్పానియోలా దీవికి వచ్చి, భాష నేర్చుకుని, సుమారు 1498 నాటికి ఓ చిన్న నివేదిక రాసాడు. అందులోని కథ ప్రకారం, ఆ దీవిలో కావుతా అనే కొండకి రెండు గుహలున్నాయి. ఒకటి కాసిబాహగ్వా, రెండోది అమయావునా. దీవిలోని జనంలో ఎక్కువమంది మొదటి గుహలోంచే బయటికి వచ్చారు. గుహలో ఉన్నప్పుడు వాళ్ళకి మాకోకాయెల్ అనే కాపలాదారుడు ఉండేవాడు. ఒకరోజు తలుపు దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు, సూర్యుడు పట్టుకుపోయాడు, రాయైపోయాడు. చేపలకి వెళ్ళిన ఇంకొందర్ని కూడా సూర్యుడు పట్టుకుని చెట్లుగా మార్చేసాడు. హోబో అనే ఆ చెట్టు మన అడవి మామిడికి దగ్గరి బంధువు.

సూర్యుడూ చంద్రుడూ కూడా గుహలోంచే వచ్చారట. ఆ గుహలో బొయినాయెల్, మారోహు అనే రెండు సెమీలుండేవి. వాన పడకపోతే జనం అక్కడికెళ్ళి మొక్కుకునేవారు. (కప్పలకి పెళ్ళి చేసే మనకి ఇదేమీ వింతగా అనిపించక్కర్లేదు.) చనిపోయినవాళ్ళు కొవాయ్‌బాయ్ అనే చోట ఉంటారు, పగలంతా దాక్కుని రాత్రుళ్ళు బయటికొచ్చి జామపళ్ళు తింటారు. వాళ్ళకి బొడ్డు ఉండదు. చీకట్లో పక్కన ఉన్నది మనిషో దెయ్యమో తెలియాలంటే పొట్ట తడిమి చూడాలన్నమాట! పగలు దాక్కుని రాత్రి పళ్ళు తినేది ఎవరు? గబ్బిలం. గబ్బిలాలకీ ఈ 'ఓపియా'లకీ సంబంధం ఉందని పండితులు అందుకే అంటారు. తైనో కళలో గబ్బిలం బొమ్మ తరచుగా కనిపిస్తుంది.

కాబట్టి తైనోలకి గుహ అంటే వానొస్తే తలదాచుకునే చోటు మాత్రమే అనుకోకూడదు. మనుషులు పుట్టిన చోటు, సూర్యుడొచ్చిన చోటు, వానని అడుక్కునే చోటు, చచ్చినవాళ్ళకి దగ్గరగా వెళ్ళే చోటు. ఊళ్ళని తగలబెట్టొచ్చు, చెక్క బొమ్మల్ని కాల్చొచ్చు. గుహని ఎవడూ ఎత్తుకుపోలేడు. అక్కడ పెట్టిన గుర్తులు అక్కడే ఉంటాయి.

పానే రాసిన నివేదిక సంగతి కూడా చెప్పాలి. మూల ప్రతి పోయింది. కొలంబస్ కొడుకు తన తండ్రి జీవిత చరిత్రలో దాన్ని మొత్తం చేర్చాడు. ఆ స్పానిష్ ప్రతి కూడా పోయింది. 1571లో వెనిస్‌లో అచ్చైన ఇటాలియన్ అనువాదం మాత్రం మిగిలింది. పైగా తనకి సరిపడా కాగితం లేదనీ, హడావిడిగా రాసాననీ, ఏది ముందో ఏది వెనకో కలిసిపోయి ఉండొచ్చనీ పానేనే రాసుకున్నాడు. సోర్స్ కోడ్ పోయింది, బ్యాకప్ పోయింది, ఇంకో లాంగ్వేజీలోకి పోర్ట్ చేసిన వెర్షన్ ఒక్కటే చేతిలో ఉంది, అందులో డెవలపరే "టైమ్ లేక ఇలా చేసాను" అని కామెంట్ పెట్టాడు. ఇలాంటి ప్రాజెక్టుల మీద పని చేసిన వాళ్ళు మనలో బోలెడుమంది ఉన్నారు కదా! అప్పుడేం చేస్తాం? డాక్యుమెంట్‌ని పూర్తిగా నమ్మం, అలాగని పారెయ్యం. సర్వర్ మీద మిగిలిన లాగులు వెతుకుతాం.

చిన్న గుహని చదవడం ఎలా?

కరీబియన్ దీవుల్లో చాలా భాగం సున్నపురాయి. వాననీరు వేల ఏళ్ళ పాటు ఆ రాతిని కరిగించుకుంటూ పోతే గుహలేర్పడతాయి. మన కర్నూలు వైపు బెలూం గుహలు చూసినవాళ్ళకి ఈ సంగతి వివరంగా చెప్పక్కర్లేదు. కాకపోతే తైనోల ఆనవాళ్ళు దొరికే గుహలన్నీ అంత పెద్దవి కావు. కొన్నింట్లో వంగి నడవాలి, కొన్నింట్లో పాకాలి.

అలాంటి గుహలో పురావస్తు శాస్త్రవేత్తలు దేనికోసం చూస్తారు? గుహలో వెలుగుని బట్టి మూడు భాగాలుంటాయి. పగటి వెలుతురు పడే ముఖద్వారం, మసక వెలుతురు భాగం, తర్వాత కటిక చీకటి. రాతిలో చెక్కిన ముఖాలు ఎక్కువగా ద్వారం దగ్గర, వెలుతురు పడే చోట కనిపిస్తాయి. రెండు గుంటలు కళ్ళు, కింద ఒక గుంట నోరు, చుట్టూ ఒక గీత. అంతే, ముఖం. మనం వాడే స్మైలీకి పూర్వీకుడనుకోండి. కొన్నిచోట్ల రాయి సహజంగా ఉబ్బి ఉన్నచోటే, లేదా స్టాలగ్‌మైట్ మీదే, ఆ మూడు గుంటలు పెట్టి వదిలేసారు. రాతిలో ముందే ఉన్న మనిషిని గుర్తుపట్టినట్టు ఉంటుంది. రంగుతో, బొగ్గుతో వేసిన బొమ్మలు తరచుగా లోపల చీకట్లో ఉంటాయి. అంటే కాగడా పట్టుకుని, పని గట్టుకుని లోపలికి వెళ్ళి వేసినవి.

గోడ తర్వాత నేల. కుండ పెంకులు, గవ్వలు, శంఖాల చిప్పలు, పీతల డొప్పలు, 'హుటియా' అనే ఎలుక జాతి జంతువు ఎముకలు, బొగ్గు ముక్కలు. బొగ్గు దొరికితే రేడియో కార్బన్ పద్ధతిలో వయసు చెప్పొచ్చు. అయితే ఒక చిక్కుంది. ఆ పరీక్ష చెప్పేది చెట్టు బతికున్న కాలాన్ని, బొమ్మ గీసిన రోజుని కాదు. పాత కట్టెని ఎప్పుడో కాల్చి, ఆ బొగ్గుతో ఇంకెప్పుడో గీసి ఉండొచ్చు. అందుకే ఒక్క టైమ్‌స్టాంప్ చూసి ఎవరూ తీర్పు చెప్పరు. బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొర, పక్కనున్న బొమ్మలు, ఏ గీత మీద ఏ గీత పడింది, ఇవన్నీ కలిపి చూస్తారు. వెర్షన్ కంట్రోల్ లేని కోడ్‌లో ఏ మార్పు ముందు, ఏది తర్వాత అని తేల్చడం లాంటిదే ఇది.

ఇంకో సమస్య, ఇలాంటి గుహల్లో గబ్బిలాల రెట్ట మంచి ఎరువు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని టన్నుల కొద్దీ తవ్వి ఎగుమతి చేసారు. దాంతో పాటు నేలలో ఉన్న సాక్ష్యాలు కూడా ఎన్నో గుహల్లో ఎరువు బస్తాల్లో వెళ్ళిపోయాయి.

మోనా దీవి

ప్యూర్టో రికోకి పశ్చిమంగా సుమారు 66 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య మోనా అనే దీవి ఉంది. అటు హిస్పానియోలా, ఇటు ప్యూర్టో రికో, మధ్యలో ఇది. చుట్టూ నిటారుగా కొండచరియలు, పైన చదును. ఇప్పుడక్కడ ఊళ్ళు లేవు, ప్రకృతి సంరక్షణ కేంద్రం మాత్రమే. పొడవు పదకొండు కిలోమీటర్లు, వెడల్పు ఏడు. ఇంత చిన్న దీవిలో గుహలు దాదాపు రెండు వందలు!

1494లో కొలంబస్ ఇక్కడ ఆగాడు. 1508లో పోన్సే దె లెయోన్ ప్యూర్టో రికోకి వెళ్తూ ఆగాడు. ఇక్కడి తైనోలు చేసే పెండలం రొట్టె స్పానిష్ ఓడలకి, కొత్త వలసలకి తిండి. అంటే ఇది మూలన పడున్న దీవి కాదు, రద్దీగా ఉండే హైవే మీద ధాబా లాంటిది.

2013 నుంచి బ్రిటిష్ మ్యూజియంకి చెందిన జాగో కూపర్ (ఇప్పుడాయన వేరే సంస్థలో ఉన్నారు), లెస్టర్ యూనివర్సిటీకి చెందిన ఆలిస్ శాంసన్, ప్యూర్టో రికో పరిశోధకులతో, విద్యార్థులతో కలిసి ఇక్కడి గుహలన్నీ ఒక పద్ధతి ప్రకారం గాలించడం మొదలుపెట్టారు. డెబ్బై దాకా గుహలు చూస్తే, ముప్పైకి పైగా గుహల్లో తైనోల బొమ్మలున్నాయి. చాలావాటికి రంగు లేదు, ఉలి లేదు. గుహ గోడల మీద మెత్తటి పొర ఒకటి ఉంటుంది. దాని మీద ఒక వేలితో, రెండు వేళ్ళతో, ఒక్కోసారి నాలుగు వేళ్ళతో లాగితే కింద ఉన్న లేత రంగు రాయి బయటపడుతుంది. పిల్లలు దుమ్ము పట్టిన కారు అద్దం మీద వేలితో బొమ్మలేస్తారు చూడండి, అలాగన్నమాట. కారు అద్దం మీది బొమ్మ రేపటికి పోతుంది, ఇవి మాత్రం ఐదారు వందల ఏళ్ళ నుంచి ఉన్నాయి. గీత వెడల్పు చూస్తే అది ఒక మనిషి వేలి వెడల్పు. మ్యూజియంలో అద్దాల వెనక పెట్టిన కుండ చూస్తే నాకు ఇంత దగ్గరితనం అనిపించదు.

రంగులున్న బొమ్మల మీద 2017లో వాళ్ళు ప్రచురించిన పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నల్ల గీతలన్నీ బొగ్గే అని అప్పటిదాకా అనుకునేవారు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరాలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు పెట్టి చూస్తే కొన్ని రంగుల్లో గబ్బిలాల రెట్ట తేలింది. గుహ నేల మీది ఖనిజాలని పీల్చుకుని పసుపు, ఎరుపు, గోధుమ రంగుల్లోకి మారిన రెట్ట. ఇంకొన్నింట్లో చెట్ల జిగురు కూడా కలిపారు. అంటే ఏదో చేతికి దొరికింది పూసేయలేదు, ఒక రెసిపీ ఉంది. చచ్చినవాళ్ళ రూపమైన గబ్బిలం, ఆ గబ్బిలం ఇచ్చిన రంగు, మనుషులు పుట్టిన గుహ గోడ. ఇదంతా వాళ్ళ మనసులో ఒకటే లెక్కగా ఉండేదేమో అనిపిస్తుంది నాకు.

పద్దెనిమిదో నంబరు గుహ

అన్నిటికంటే ఆశ్చర్యం ఈ గుహ. పరిశోధకులు దీనికి పెట్టిన పేరు మామూలుగా 'గుహ 18'. సముద్రం వైపు కొండచరియలో ద్వారం. లోపల తైనోల వేలి బొమ్మలు గోడల నిండా, కప్పు నిండా. వాటి మధ్యలో, వాటి పక్కన, ముప్పైకి పైగా వేరే రకం రాతలున్నాయి. లాటిన్‌లో, స్పానిష్‌లో వాక్యాలు, శిలువలు, యేసు పేరుకి పొట్టి రూపాలు, మనుషుల సంతకాలు. పదహారో శతాబ్దం నాటివి. 2016లో ఈ సంగతి బయటపెట్టారు.

ఒక వాక్యానికి అర్థం దేవుడు ఎన్నో చేసాడని. ఇంకో వాక్యానికి అర్థం దేవుడు నిన్ను క్షమించుగాక అని. సంతకాల్లో ఒకటి ఫ్రాన్సిస్కో అలెగ్రే అనే ఆయనది. ఈయన 1530లలో స్పెయిన్ నుంచి ప్యూర్టో రికో వచ్చి, తర్వాత మోనా కూడా తన పరిధిలో ఉన్న రాజోద్యోగి అయినట్టు పాత పత్రాల్లో ఉంది. అంటే గోడ మీది పేరూ, కాగితం మీది పేరూ కలిసాయి. లాగ్‌లో ఉన్న యూజర్ ఐడీ హెచ్ఆర్ రికార్డుతో మ్యాచ్ అయినట్టు!

ఈ రాతల్ని చూసి "విగ్రహారాధన చేసే చోటుని చెడగొట్టడానికి రాసారు" అనుకోవడం తేలిక. ఎందుకంటే బయట జరిగింది అదే. పానే నివేదికలోనే ఒక కథ ఉంది. కొందరు తైనోలు క్రైస్తవ ప్రతిమల్ని తీసుకెళ్ళి, తమ పొలంలో పాతిపెట్టి, ఇక పంట బాగా పండుతుందన్నారట. తమ సెమీలతో చేసేదే ఈ కొత్త దేవుళ్ళకీ చేసి ఉంటారని నేటి పండితులు చాలామంది అంటారు. స్పానిష్ అధికారులకి మాత్రం అది అపచారంగా కనిపించింది. వాళ్ళని సజీవ దహనం చేసారు.

గుహ 18లో ఆ ఛాయలు లేవు. తైనోల బొమ్మల్ని కొట్టేయలేదు, చెరపలేదు. పక్కన ఉన్న ఖాళీలో రాసారు, అదీ తైనోల పద్ధతిలోనే, అదే మెత్తటి పొర మీద. అంత లోపలికి, చీకట్లోకి, అలాంటి ద్వారంలోంచి ఆ స్పానిష్ వాళ్ళంతట వాళ్ళు రాగలిగే అవకాశం తక్కువ. దారి తెలిసిన తైనోలెవరో తీసుకొచ్చి చూపించి ఉండాలి. పరిశోధకులు దీన్ని రెండు మతాల మధ్య సంభాషణ అంటున్నారు. వచ్చినవాళ్ళు చూసి కదిలిపోయి తమకి తెలిసిన భాషలో స్పందించారని.

"దేవుడు నిన్ను క్షమించుగాక" అన్నది ఎవరిని? బొమ్మలేసిన తైనోలనా? పక్కనున్న తోటి స్పానియార్డునా? తననేనా? బయట జరుగుతున్నది తెలిసిన మనిషి కాబట్టి మూడోది కూడా కావచ్చని నాకనిపిస్తుంది. సాక్ష్యం లేదు, నా ఊహ మాత్రమే. అలాగని ఈ ఒక్క గుహ చూసి వలసపాలన అంతా పరస్పర గౌరవంతో నడిచిందని ఎవరైనా అంటే అది అబద్ధం. అక్కడే కొన్ని గంటల పడవ ప్రయాణం దూరంలో ఏం జరిగిందో చూడండి.

కాలమ్ తీసేసారు

1495 నుంచి హిస్పానియోలాలో బంగారం దొరికే ప్రాంతాల్లో పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి ఒక చిన్న గంట నిండా బంగారం కట్టాలి. 1503లో గవర్నరు ఒవాండో మనుషులు హరాగ్వా ప్రాంతపు పెద్దల్ని విందు పేరుతో పిలిచి చంపారు. అక్కడి కాసికే, కవయిత్రిగా పేరున్న అనకావోనాని ఉరితీసారు. గనుల్లో, తోటల్లో వెట్టిచాకిరీ. పొలాలు బీడుపడి ఆకలి. 1508లో ఆ దీవిలో మిగిలిన తైనోలు సుమారు 60 వేలని లెక్క, 1514కి సుమారు 26 వేలు. 1518 చివర్లో మశూచి వచ్చింది. బహామాస్ జనాన్నైతే గనుల్లో పనికి ఓడల కొద్దీ పట్టుకెళ్ళి, 1513 నాటికి ఆ దీవుల్ని దాదాపు ఖాళీ చేసేసారు. కొలంబస్ రాకముందు జనాభా ఎంతన్నది పెద్ద వివాదం. లక్షల్లో అని పాత అంచనాలు. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పురాతన డీఎన్ఏ పరిశోధన హిస్పానియోలా, ప్యూర్టో రికో రెండూ కలిపి పది వేల నుంచి యాభై వేల మధ్య ఉండొచ్చంది. 1508 నాటి లెక్క కంటే ఇది తక్కువ కాబట్టి ఈ అంచనా మీదా వాదన ఉంది. అంకె ఏదైనా జరిగిన ఘోరం చిన్నదైపోదు. తక్కువమంది ఉంటే ఒక్కో చావు ఆ జాతికి ఇంకా పెద్ద దెబ్బ.

కానీ అందరూ చనిపోయారా? ఇక్కడే మన లాంటివాళ్ళకి అర్థమయ్యే సంగతి ఒకటుంది. ప్యూర్టో రికోలో 1787 జనాభా లెక్కల్లో ఇండియన్లు అనే వర్గం కింద సుమారు 2,300 మంది ఉన్నారు. అంతరించిపోయారని చెప్పిన రెండొందల ఏళ్ళ తర్వాత! ఆ తర్వాత, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ వర్గాన్నే తీసేసి, వాళ్ళని తెల్లవాళ్ళు కాని స్వేచ్ఛా జనం అందరితో కలిపి ఒకే గడిలో వేసేసారు. టేబుల్‌లోంచి కాలమ్ డ్రాప్ చేసారు. రిపోర్టులో సున్నా వచ్చింది. సున్నా చూసిన వాడు "మనుషులు లేరు" అని రాసేసాడు. క్వెరీ తప్పా, డేటా లేదా అని అడిగినవాడు లేడు.

2000ల మొదట్లో ప్యూర్టో రికో యూనివర్సిటీ మాయాగ్వెస్ క్యాంపస్‌లో హువాన్ కార్లోస్ మార్టినెజ్ క్రుజాడో బృందం, తల్లి నుంచి మాత్రమే బిడ్డకి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏని పరీక్షించింది. ప్యూర్టో రికో వాళ్ళలో 61 శాతం మందికి అది అమెరికా మూలవాసుల నుంచి వచ్చిందే. మొత్తం డీఎన్ఏ తీసుకుంటే ఆ వాటా పది, పదిహేను శాతం దగ్గర ఉంటుంది. ఈ రెండంకెల మధ్య తేడాలోనే చరిత్ర ఉంది. మగవాళ్ళ వంశాలు ఎక్కువగా తెగిపోయాయి, ఆడవాళ్ళ వంశాలు నిలిచాయి. ఎలా నిలిచాయన్నది అన్ని సార్లూ సంతోషంగా చెప్పుకునే కథ కాదు.

"మూలవాసులంటే తైనోలే అని ఎలా చెప్తారు? మెక్సికో నుంచో వెనిజులా నుంచో తెచ్చిన బానిసలవి కావచ్చు కదా?" అన్నారు కొందరు. సబబైన ప్రశ్నే. జవాబు ఇంకో గుహలో దొరికింది. బహామాస్‌లో ఎల్యూథెరా దీవిలో 'ప్రీచర్స్ కేవ్' అని ఉంది. 1648 ప్రాంతంలో ఓడ పగిలిన ఇంగ్లీషు వలసదారులు తలదాచుకుని ప్రార్థనలు చేసుకున్న గుహ కాబట్టి ఆ పేరు. వాళ్ళ కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందే అక్కడ తైనోల చుట్టాలైన లుకాయన్లు తమ వాళ్ళని పాతిపెట్టారు. ఆ సమాధుల్లో ఒక స్త్రీది, వెయ్యేళ్ళకి పైబడిన పన్ను ఒకటి దొరికింది. వేడికీ తేమకీ డీఎన్ఏ నిలవని ఆ వాతావరణంలో, ఆ ఒక్క పంటి నుంచి పూర్తి జీనోమ్ చదవగలిగారు. 2018లో ప్రచురించారు. నేటి ప్యూర్టో రికో వాళ్ళలోని మూలవాసుల వాటాతో పోలిస్తే ఆవిడ దగ్గరి బంధువని తేలింది. ఆవిడ సూటిగా వాళ్ళ ముత్తవ్వ అని కాదు, కానీ ఒకే కుదురు.

2010 అమెరికా జనాభా లెక్కల్లో, ఆ గడి మళ్ళీ ఉంది కాబట్టి, ప్యూర్టో రికోలో దాదాపు 20 వేల మంది తాము అమెరికన్ ఇండియన్లమని టిక్కు పెట్టారు. చాలామంది పక్కన తైనో అని రాసారు కూడా.

దీని మీద విమర్శలూ ఉన్నాయి. డీఎన్ఏ ఉన్నంత మాత్రాన సంస్కృతి ఉన్నట్టా? భాష పోయింది, పూజలు పోయాయి, ఇప్పుడు పుస్తకాలు చదివి ఈకలు పెట్టుకుంటే తైనోలైపోతారా? పైగా ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వారసత్వాన్ని దాచుకోవడానికి కొందరు ఈ పేరు వాడుకుంటున్నారన్న ఆరోపణ కూడా ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేం. నా మట్టుకు నాకు, రక్తంలో శాతాలు లెక్కపెట్టి మనిషి ఎవరో తేల్చే పద్ధతి నచ్చదు. కానీ పెండలం రొట్టె కాల్చే పద్ధతి, చెట్ల పేర్లు, ఊళ్ళ పేర్లు, హామక్‌లో పిల్లని పడుకోబెట్టే అలవాటు... ఇవి అమ్మమ్మల నుంచి మనవరాళ్ళకి ఆగకుండా వచ్చినవే. పుస్తకంలో రాయలేదు కాబట్టి అది సంస్కృతి కాదనడం కుదరదు. అలాగైతే మన ఊళ్ళలో రాతకెక్కని కులాల చరిత్ర అంతా లేనట్టే అనాల్సొస్తుంది. కాగితం మీద లేనివాడు లేనేలేడనడం మనకీ బాగా అలవాటైన పనే.

ఇప్పుడు ఏం మిగిలింది

డొమినికన్ రిపబ్లిక్‌లో సాన్ క్రిస్టోబాల్ దగ్గర పోమియెర్ గుహలున్నాయి. యాభైకి పైగా గుహలు, వేల బొమ్మలు. వాటి చుట్టూ సున్నపురాయి క్వారీలు. ఏళ్ళ తరబడి పేలుళ్ళు, గొడవలు, కోర్టు కాగితాలు. సున్నపురాయి అంటే సిమెంటే అనుకునే లోకంలో గుహ బతకడం కష్టం. ప్యూర్టో రికోలో తేలిగ్గా వెళ్ళగలిగే గుహల్లో ఐదొందల ఏళ్ళ ముఖం పక్కనే స్ప్రే పెయింటుతో ప్రేమికుల పేర్లు. మన కోటల్లో, గుళ్ళలో కనిపించే దృశ్యమే.

అరెసిబో పేరు మనలో చాలామందికి రేడియో టెలిస్కోపు వల్ల తెలుసు. సున్నపురాయి కరిగి ఏర్పడిన పెద్ద గుంటలో 1963లో కట్టారు, 2020 డిసెంబరులో కూలిపోయింది. 1974లో అక్కడి నుంచి నక్షత్రాల వైపు 1,679 బిట్ల సందేశం పంపారు. అందులో గీతలతో ఒక మనిషి బొమ్మ కూడా ఉంది. ఎవరు చదువుతారో తెలీకుండానే "మేమున్నాం" అని చెప్పే ప్రయత్నం. అదే అరెసిబో తీరంలో, అదే సున్నపురాతిలో 'క్వేవా దెల్ ఇందియో' అనే సముద్రపు గుహ ఉంది. గోడ నిండా తైనోలు చెక్కిన ముఖాలు. వాటికీ అందులోని మనిషి బొమ్మకీ పెద్ద తేడా లేదు.

ప్యూర్టో రికో అమెరికా భూభాగమే కాబట్టి అక్కడున్న మనవాళ్ళు లాంగ్ వీకెండ్‌కి బీచి కోసం వెళ్తూనే ఉంటారు. వెళ్ళినప్పుడు అనుమతి ఉన్న గుహకి, స్థానిక గైడుని తీసుకుని ఒక పూట వెళ్ళి చూడండి. గోడ ముట్టుకోవద్దు, చేతి చెమట, నూనె ఆ బొమ్మలకి విషం. ఫ్లాష్ కొట్టి గబ్బిలాల్ని బెదరగొట్టొద్దు. నేల మీద పెంకు ముక్క కనిపిస్తే జేబులో వేసుకోవద్దు. అది ఎక్కడ పడుందన్నదే దాని అర్థం, తీసేస్తే ఉత్త పెంకు.

అలాగే ఈసారి ఫారమ్‌లో ఆ 'ఇండియన్' గడులు కనిపించినప్పుడు, నవ్వుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. మనకి ఆ గడి ఒక చిరాకు, ఒక జోకు. ఒక జనానికి మాత్రం ఆ గడి ఉండటం, లేకపోవడం అంటే, బతికున్నట్టా లేనట్టా అన్న లెక్క. ఏమంటారు?